నీడతో కొలిచే మంచుగోళాలు

2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో సమావేశమైన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తప్పించి మరుగుజ్జు గ్రహాల వరసలో చేర్చినప్పటి నుంచీ, సౌరకుటుంబం గురించి మాట వచ్చిన ప్రతిచోటా సామాన్య పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది. ఎంత పెద్ద టెలిస్కోపులో చూసినా ఒక వెలుగు చుక్కగా తప్ప కనబడని వస్తువుకు వ్యాసం ఇన్ని కిలోమీటర్లని శాస్త్రజ్ఞులు ఎలా చెప్పగలుగుతున్నారు? ఆ నిర్ణయానికి కారణమైన ఎరిస్ అనే మంచుగోళం భూమికి సుమారు 1,440 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని వ్యాసం 2,326 కిలోమీటర్లని, ఆ లెక్కలో తేడా ఉన్నా అది 12 కిలోమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుందని గ్రంథాలు చెబుతున్నాయి. దగ్గరికి ఏ నౌకా వెళ్లని గోళం గురించి ఇంత ఖచ్చితంగా చెప్పడం చూసి పాఠకుడికి అనుమానం కలగడం సహజం, అది ఆరోగ్యకరమైన అనుమానం కూడా. దానికి సమాధానంలో కొంత భాగం సికిందరాబాదులోని మారేడ్‌పల్లికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, బేగంపేటలో నూరేళ్ల కిందట గాజు పలకల మీద జరిగిన పనితో ముడిపడి ఉంది.

చుక్కకు వెడల్పు ఎందుకు కనబడదు?

ఆకాశంలో వస్తువుల పరిమాణాన్ని కోణాలలో చెబుతారు. డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక కళ, కళను మళ్లీ 60 భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక వికళ. పూర్ణచంద్రుడి వెడల్పు అర డిగ్రీ, అంటే సుమారు 1,800 వికళలు. ప్లూటో వెడల్పు ఒక వికళలో పదో వంతు మాత్రమే. ఎరిస్‌ది వికళలో ముప్ఫయ్యో వంతు. భూమి చుట్టూ ఉన్న గాలి ఎప్పుడూ కదులుతూ ఉండటం వల్ల నేల మీది టెలిస్కోపుల్లో ఏ నక్షత్రమైనా సుమారు ఒక వికళ వెడల్పున్న మసకగా పరుచుకుంటుంది కాబట్టి, ఆ మసకలో ప్లూటో అసలు బిళ్ల ఎంతో తేల్చడం మామూలు పద్ధతుల్లో సాధ్యం కాదు. గాలి పొరకు పైన తిరిగే హబుల్ టెలిస్కోపుకు కూడా వికళలో ఇరవయ్యో వంతు కంటే సన్నని వివరం స్పష్టంగా తెలియదు.

అందుకే ప్లూటో పరిమాణం గురించిన అంచనాలు దశాబ్దాల పాటు తగ్గుతూ వచ్చాయి. 1930లో అది దొరికినప్పుడు భూమి అంత ఉంటుందని ఆశించారు. 1950లో గెరార్డ్ కైపర్ అమెరికాలోని పాలొమార్ కొండ మీది 200 అంగుళాల టెలిస్కోపుతో బిళ్లను నేరుగా కొలవడానికి ప్రయత్నించి, భూమి వ్యాసంలో సగానికి కొంచెం తక్కువని చెప్పాడు. ఇప్పుడు తెలిసిన విలువ 2,377 కిలోమీటర్లు. అంటే ఆనాటి ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపు, ఆ పనిలో ఆరితేరిన కన్ను, రెండూ కలిసి కూడా ఆ గోళాన్ని రెట్టింపు కంటే ఎక్కువ చేసి చూపించాయి. ఇందులో కైపర్ తప్పు వెతకనవసరం లేదు. వికళలో పదో వంతును గాలి గుండా చూసి కొలవమంటే ఎవరికైనా అంతకంటే మెరుగైన ఫలితం వచ్చేది కాదు.

వెలుగు చెప్పేది సగమే

వెడల్పు కనబడనప్పుడు వెలుగును ఆశ్రయించడం రెండో మార్గం. ఈ గోళాలకు సొంత వెలుగు లేదు, సూర్యుడి వెలుగును తిప్పి పంపుతాయి. దూరం తెలిస్తే, ఎంత వెలుగు తిరిగి వస్తున్నదో కొలిచి, అంత వెలుగు పంపడానికి ఎంత ఉపరితలం కావాలో లెక్క కట్టవచ్చు. చిక్కల్లా ఆ ఉపరితలం తెల్లనిదా నల్లనిదా అన్నదే. తన మీద పడిన వెలుగులో ఒక గోళం ఎంత భాగాన్ని తిప్పి పంపుతుందో ఆ నిష్పత్తిని ఆల్బెడో అంటారు. దీనిని తెలుగులో ప్రతిఫలన శక్తి అనవచ్చు. బొగ్గు మసి లాంటి పదార్థం నూటికి నాలుగు పాళ్లు తిప్పి పంపితే, అప్పుడే పేరుకున్న మంచు తొంభైకి పైగా పంపుతుంది. కాబట్టి ఒకే వెలుగున్న రెండు చుక్కల్లో ఒకటి పెద్ద నల్లని గోళం, రెండోది దానిలో అయిదో వంతు వ్యాసమున్న తెల్లని గోళం కావచ్చు. 1976లో ప్లూటో మీద మీథేన్ మంచు ఉన్నదని వెలుగు విశ్లేషణలో తేలినప్పుడు దాని వ్యాసం అంచనా ఒక్కసారిగా పడిపోవడానికి కారణం ఇదే. గోళం మారలేదు, దాని రంగు గురించిన ఊహ మారింది.

ఈ సందిగ్ధాన్ని తప్పించుకోవడానికి ఆ గోళం నుంచి వచ్చే వేడిని కూడా కొలుస్తారు. నల్లని వస్తువు వెలుగును మింగి వేడెక్కుతుంది, తెల్లనిది చల్లగా ఉండిపోతుంది కాబట్టి, వెలుగునూ వేడినీ పక్కపక్కన పెడితే పరిమాణం తెలుస్తుంది. ఉపాయం మంచిదే కాని, ఆ గోళాల మీద ఉష్ణోగ్రత సున్నాకు రెండు వందల డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. అంత చల్లని వస్తువు నుంచి వచ్చే వేడి చాలా స్వల్పం, అది ఏ దిక్కుకు ఎంత వెదజల్లబడుతుందో ఊహించుకోవలసిందే. ఎరిస్ విషయంలో 2006లో వేడిని బట్టి ఒక బృందం సుమారు 3,000 కిలోమీటర్లని చెప్పగా, అదే ఏడాది హబుల్ చిత్రాలను బట్టి మరో బృందం సుమారు 2,400 అని చెప్పింది. ఒక గోళానికి ఆరు వందల కిలోమీటర్ల తేడాతో రెండు వ్యాసాలు ఉండటానికి వీల్లేదు. ఈ తగవు తీర్చింది నీడ.

మారేడ్‌పల్లి మీదుగా మబ్బు నీడ

ఆషాఢ మాసంలో, పడమటి గాలి వీచే ఒక మధ్యాహ్నం, నడినెత్తిన ఎండ కాస్తున్నప్పుడు, ఒంటరి మబ్బు ఒకటి వెస్ట్ మారేడ్‌పల్లి మీదుగా ఈస్ట్ మారేడ్‌పల్లి వైపు, అక్కడి నుంచి మహేంద్ర హిల్స్ వైపు సాగిపోతున్నదని అనుకుందాం. మబ్బు పైన ఎంత ఎత్తున ఉన్నదో, దాని అంచులు ఎలా ఉన్నాయో కింద నిలబడ్డ మనిషికి తెలియదు. తెలిసేది ఒక్కటే: ఎండ ఎప్పుడు పోయింది, మళ్లీ ఎప్పుడు వచ్చింది. ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా అయిదు డాబాల మీద అయిదుగురు గడియారాలు పట్టుకుని నిలబడి, ఎవరికి వారు ఆ రెండు క్షణాలనూ రాసుకున్నారనుకుంటే, నీడ సెకనుకు పది మీటర్ల వేగంతో కదులుతున్నట్టయితే, 40 సెకన్లు నీడలో ఉన్న డాబా మీదుగా మబ్బులో 400 మీటర్ల పొడవున్న భాగం దాటిపోయిందన్న మాట. పక్క డాబాకు 30 సెకన్లే పట్టితే అక్కడ పొడవు 300 మీటర్లు. ఈ పొడవులను కాగితం మీద వాటి వాటి స్థానాల్లో సమాంతర గీతలుగా గీసి, చివరలను కలిపితే మబ్బు ఆకారం వచ్చేస్తుంది. సూర్యకిరణాలు ఇంచుమించు సమాంతరంగా వస్తాయి కాబట్టి నీడ ఎంతో మబ్బు కూడా అంతే.

ఇందులో రెండు విషయాలు నిదానంగా గమనించదగ్గవి. ఒక్క డాబా మీది కొలతతో మబ్బు పరిమాణం తెలియదు. అది మబ్బు మధ్యనుంచి పోయిన గీతో, అంచును రాసుకుని పోయిన గీతో చెప్పడానికి ఆధారం ఉండదు కాబట్టి, ఆ మబ్బు ఇంతకంటే చిన్నది కాదు అన్నంత వరకే చెప్పవచ్చు. రెండోది, అయిదో డాబా మీద ఎండ అసలు పోనే లేదనుకుంటే, ఆ మనిషి శ్రమ వృథా కాలేదు. నీడ అక్కడిదాకా రాలేదని ఆయన రాసుకున్న మాట మబ్బుకు దక్షిణపు హద్దు గీస్తుంది. పై నలుగురి గీతలకు ఆ హద్దు తోడైతేనే ఆకారం ఊహ స్థాయి నుంచి కొలత స్థాయికి వస్తుంది.

సూర్యుడి స్థానంలో సుదూర నక్షత్రాన్ని, మబ్బు స్థానంలో మంచుగోళాన్ని, డాబాల స్థానంలో ఖండాల మీది వేధశాలలను పెడితే ఖగోళశాస్త్రంలో ఆచ్ఛాదనం అనే పద్ధతి తయారవుతుంది. గోళం నక్షత్రానికి అడ్డంగా వచ్చిన కొన్ని సెకన్ల పాటు నక్షత్రం మాయమవుతుంది. నీడ భూమి మీద సెకనుకు పాతిక కిలోమీటర్ల ప్రాంతంలో పరుగెత్తుతుంది, దానికి ప్రధాన కారణం భూమి సూర్యుని చుట్టూ తిరిగే వేగమే. సెకనులో పదో వంతు దాకా సమయం కొలవగలిగితే, వందల కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న గోళం అంచును రెండు మూడు కిలోమీటర్ల ఖచ్చితత్వంతో గుర్తించవచ్చు. వెలుగు తరంగ స్వభావం వల్ల నీడ అంచు కిలోమీటరు మేర చెదిరి ఉంటుంది, అంతకు మించి ఈ పద్ధతికి ప్రకృతి పెట్టిన అడ్డు లేదు. టెలిస్కోపు అద్దం ఎంత పెద్దదన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు. గోళాన్ని చూడనక్కర్లేదు, నక్షత్రం కనబడితే చాలు.

2010 నవంబరు 6న ఎరిస్ ఒక మసక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు చిలీ దేశంలో రెండు చోట్ల దానిని పట్టుకున్నారు. లా సియా కొండ మీద నక్షత్రం అర నిమిషానికి అటూ ఇటూగా మాయమైతే, ఉత్తరాన ఉన్న సాన్ పెద్రో దె అటకామాలో నిమిషానికి పైగా మాయమైంది. ఆ రెండు గీతలకూ సరిపడే వృత్తం గీస్తే వ్యాసం 2,326 కిలోమీటర్లు వచ్చింది. ఆ లెక్కన దాని ప్రతిఫలన శక్తి నూటికి 96 పాళ్లు, అంటే అప్పుడే కురిసిన మంచు కంటే కూడా తెలుపు. 3,000 కిలోమీటర్ల అంచనా తప్పిపోయింది.

నక్షత్రం మాయం కాని రాత్రులకూ ఈ చరిత్రలో చోటుంది. 1965 ఏప్రిల్ 28న ప్లూటో ఒక నక్షత్రానికి అతి దగ్గరగా వెళ్లినప్పుడు ఉత్తర అమెరికాలో కాచుకున్న వేధశాలల్లో ఒక్కదానిలోనూ వెలుగు తగ్గలేదు. ఆ ఖాళీ నుంచే ప్లూటో వ్యాసం 6,800 కిలోమీటర్లకు మించదని తేల్చారు. అయిదో డాబా మనిషి చేసిన పని ఇదే.

అడ్డం వచ్చే గోళానికి గాలి పొర ఉంటే లెక్క క్లిష్టమవుతుంది. 1988 జూన్ 9న ప్లూటో నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు ఠక్కున పోకుండా క్రమంగా తగ్గుతూ పోయింది. పలుచని గాలి పొర నక్షత్రం వెలుగును వంచడమే దీనికి కారణం. ప్లూటోకు గాలి ఉందన్న సంగతి దానితో స్థిరపడింది కాని, గట్టి నేల ఎక్కడ మొదలవుతుందో మాత్రం తెలియలేదు. ఫలితంగా, ఎంతో దూరాన ఉన్న ఎరిస్ వ్యాసం 2011 నాటికే తెలిసిపోగా, దగ్గరగా ఉన్న ప్లూటో వ్యాసం 2015 జులై 14న న్యూ హొరైజన్స్ నౌక దాని పక్కగా వెళ్లేదాకా పూర్తిగా తేలలేదు. ప్లూటోయే కాస్త పెద్దదని అప్పుడు బయటపడింది. ద్రవ్యరాశిలో మాత్రం ఎరిస్ దానికంటే నూటికి 27 పాళ్లు ఎక్కువ.

కవలూరులో రెండు రాత్రులు

దక్షిణ భారతంలో ఈ పద్ధతి తొలిరోజుల్లోనే వేళ్లూనింది, దానికి మూలం హైదరాబాదులో పెరిగిన ఖగోళశాస్త్రజ్ఞుడు వేణు బాప్పు. ఆయన తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. నిజాం కళాశాలలో చదువుకున్న బాప్పు 1949లో హార్వర్డ్‌లో ఉండగా ఒక తోకచుక్కను కనుగొన్నారు. బార్ట్ బాక్, గోర్డన్ న్యూకర్క్‌ల పేర్లతో కలిపి దానిని బాప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క అంటారు. తోకచుక్కలు కూడా సౌరకుటుంబపు శివార్ల నుంచి వచ్చే మంచు ముద్దలే. స్వదేశానికి వచ్చాక ఆయన తమిళనాడులోని జవ్వాది కొండల మీద, వాణియంబాడికి సమీపంలో కవలూరు వేధశాలను నెలకొల్పారు.

అక్కడి ఒక మీటరు టెలిస్కోపు వాడుకలోకి వచ్చిన ఏడాదే, 1972 జూన్ 7న, బృహస్పతి ఉపగ్రహమైన గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చింది. కవలూరు నుంచి, జావా ద్వీపంలోని లెంబాంగ్ నుంచి ఆ సంఘటనను నమోదు చేశారు. రెండు గీతలను కలిపి కట్టిన వ్యాసం సుమారు 5,270 కిలోమీటర్లు. ఇప్పటి విలువ 5,268. నౌకలేవీ అక్కడికి చేరకముందు, నీడ అంచులను సెకన్లలో పట్టుకుని కట్టిన లెక్క ఇంత దగ్గరగా రావడం విశేషం. అదే రాత్రి కొలతల నుంచి గానిమీడ్‌కు చెప్పుకోదగ్గ గాలి పొర ఉందని కూడా అనుకున్నారు, అది మాత్రం నిలవలేదు. 1979లో వోయేజర్ నౌక పరిశీలనల్లో గాలి అంతకంటే ఎన్నో రెట్లు తక్కువని తేలింది.

1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం రావలసిన రాత్రి కవలూరులో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి కాచుకుని ఉండగా, నక్షత్రం వెలుగు ఒకచోట సుమారు తొమ్మిది సెకన్ల పాటు తగ్గింది. తెలియని ఉపగ్రహమేదో అడ్డం వచ్చిందని వాళ్లు భావించారు. హిందూ మహాసముద్రం మీద ఎగురుతున్న విమాన వేధశాల నుంచి జేమ్స్ ఇలియట్ బృందం గ్రహానికి రెండు పక్కలా ఇలాంటి తగ్గుదలలను జతలు జతలుగా చూసింది కాబట్టి, అవి ఉపగ్రహాలు కావనీ యురేనస్ చుట్టూ ఉన్న సన్నని వలయాలనీ అర్థమైంది. ఒకే చోటి నుంచి ఒకే గీత దొరికితే ఏం చెప్పగలం, ఏం చెప్పలేం అన్నదానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. కవలూరు కొలతలో లోపమేమీ లేదు, పక్కన రెండో గీత లేదు, అంతే.

బేగంపేట గాజు పలకలు

నీడను పట్టుకోవాలంటే అది ఎక్కడ పడుతుందో ముందే తెలియాలి. అది తెలియాలంటే గోళం ఎక్కడుందో, అంతకంటే ముఖ్యంగా నక్షత్రం ఎక్కడుందో తెలియాలి. ఈ పద్ధతిలోని అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. ప్లూటో 480 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు నక్షత్రం స్థానంలో ఒక వికళ పొరపాటు జరిగితే నీడ దారి భూమి మీద 23,000 కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది. భూమి వ్యాసమే 12,742 కిలోమీటర్లు కాబట్టి, ఆ పొరపాటుతో నీడ భూమిని పూర్తిగా తప్పిపోతుంది. అందుకే నక్షత్రాల పట్టికలు తయారు చేసినవాళ్ల పేర్లు మంచుగోళాల కథలో కూడా రావాలి, సాధారణంగా రావు.

1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళశాస్త్రజ్ఞులు ఆకాశాన్నంతా ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలను కొలవాలని నిర్ణయించి, ఆకాశాన్ని అడ్డపట్టీలుగా విభజించి ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాలకు అప్పగించారు. దక్షిణ క్రాంతి 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట చిలీలోని సాంటియాగో వేధశాలకు ఇచ్చినా అక్కడ పని సాగకపోవడంతో, చివరకు అది హైదరాబాదు చేతికి వచ్చింది. క్రాంతి అంటే ఆకాశపు మధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉన్న కోణదూరం. ఇంగ్లండులో చదువుకున్న నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో 1901లో నెలకొల్పిన వేధశాలను ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం తీసుకుని, ఫిసల్ బండ నుంచి బేగంపేటకు మార్చి, 1908లో ఆర్థర్ చాట్‌వుడ్‌ను సంచాలకుడిగా నియమించింది. ఆయన తరువాత 1914లో రాబర్ట్ పోకాక్, 1918లో పోకాక్ మరణించాక టి.పి. భాస్కరన్ బాధ్యతలు చేపట్టారు. భాస్కరన్ ఆ పదవిలోకి వచ్చిన తొలి భారతీయుడు.

అక్కడ జరిగిన పనిని కాస్త దగ్గరగా చూడాలి. కుక్ కంపెనీ తయారీ అయిన ఎనిమిది అంగుళాల ఫొటో దూరదర్శినితో గాజు పలకల మీద ఆకాశాన్ని చిత్రించేవారు. ఆ పలకల మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు సమానం. నక్షత్రాలను చిత్రించడమే కాకుండా, అయిదు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున సన్నని గళ్ల గీతలను కూడా అదే పలక మీద ముద్రించేవారు, కాబట్టి కడిగి ఆరబెట్టేటప్పుడు మీది పూత కొద్దిగా సాగినా కుంచించుకుపోయినా గళ్లు కూడా అలాగే మారి ఆ తేడా బయటపడుతుంది. ఆ తరువాత సూక్ష్మదర్శిని కింద పలకను పెట్టి, ప్రతి నల్లని చుక్కా తన గడిలోని నిలువు గీతకు, అడ్డ గీతకు ఎంత దూరంలో ఉన్నదో కంటితో చూసి రాసుకోవాలి. ఇలాంటి పట్టికల్లో సాధించిన ఖచ్చితత్వం సుమారు వికళలో మూడో వంతు, అంటే పలక మీద మిల్లీమీటరులో నూట ఎనభయ్యో వంతు. ఈ పనిని ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలకు చేసి, ఆ ఫలితాలను 12 సంపుటాలుగా ప్రచురించారు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఒక దక్కనీ సంస్థానపు వేధశాల ఇంత పెద్ద పనిని పూర్తి చేయడం తెలుగునేల విజ్ఞాన చరిత్రలో ముందు వరసలో నిలవవలసిన విషయం, పాఠ్యపుస్తకాల్లో మాత్రం దీనికి ఒక పేరా కూడా దక్కడం లేదు.

వికళలో మూడో వంతు అంటే ప్లూటో నీడ విషయంలో ఏడున్నర వేల కిలోమీటర్ల అనిశ్చితి. కాబట్టి ఆ పలకలు ఒక్కటే నీడల దారి చెప్పలేవు. వాటి విలువ వేరేచోట ఉంది. నక్షత్రాలు కదలకుండా ఉండవు. ప్రతి నక్షత్రమూ ఏడాదికి వికళలో ఏ కొంత భాగమో జరుగుతూ ఉంటుంది. ఈ జరుగుబాటును నిజచలనం అంటారు. ఒకసారి కొలిచిన స్థానం పదేళ్లకు పాతబడిపోతుంది, దానిని సరిదిద్దాలంటే నిజచలనం తెలియాలి, అది తెలియాలంటే ఒకే నక్షత్రాన్ని చాలా ఏళ్ల ఎడంతో రెండుసార్లు కొలిచి ఉండాలి. హిప్పార్కస్ ఉపగ్రహం 1990ల ప్రారంభంలో నక్షత్రాల స్థానాలను కొలిచిన తరువాత, అమెరికా నౌకాదళ వేధశాల పాత పట్టీలన్నిటినీ కలిపి 46 లక్షలకు పైగా నక్షత్రాల పట్టికను తయారు చేసింది. ఆ పాత స్థానాలను ఉపగ్రహం చూపిన కొత్త స్థానాలతో పోల్చి, 2000 సంవత్సరంలో 25 లక్షల నక్షత్రాల నిజచలనాలతో టైకో-2 పట్టికను వెలువరించారు. దక్షిణాన 17, 23 డిగ్రీల మధ్య ఉన్న నక్షత్రాలకు ఆ పాత స్థానాలను అందించినవి బేగంపేట పలకలు. వెనక్కి వెళ్లి మళ్లీ ఫొటో తీయడం ఎవరికీ సాధ్యం కాని పని కాబట్టి, కొలత ముతకదైనా, ఆ కాల దూరానికి ప్రత్యామ్నాయం లేదు.

ధనూరాశిలో నీడల వేట

ఆశ్చర్యకరమైన యాదృచ్ఛికత ఒకటి ఇక్కడ చెప్పవలసి ఉంది. 2010 నుంచి 2020 దాకా ప్లూటో ధనూరాశిలో ప్రయాణిస్తూ దక్షిణ క్రాంతి 18 డిగ్రీల నుంచి 22 డిగ్రీలకు దిగింది, అంటే ఆ దశాబ్దమంతా హైదరాబాదు కొలిచిన పట్టీలోనే ఉంది. న్యూ హొరైజన్స్ నౌక ప్లూటోను దాటాక వెళ్లవలసిన తరువాతి మజిలీ కోసం 2014లో హబుల్ వెతికినప్పుడు దొరికిన చిన్న మంచు ముద్ద అరోకోత్ కూడా అదే దిక్కున, అదే పట్టీలో ఉంది. ఆ ప్రాంతం హైదరాబాదు నుంచి చూస్తే దక్షిణాకాశంలో 50 డిగ్రీలకు పైగా ఎత్తుకు వస్తుంది; లండన్ నుంచి 20 డిగ్రీల దరిదాపులకు మించి ఎక్కదు. ఈ పట్టీని దక్షిణపు వేధశాలకే అప్పగించడంలో ఉన్న తర్కం కూడా అదే.

అరోకోత్ వెడల్పు 650 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే వికళలో వెయ్యో వంతు. దాని నీడ దారి తెలియాలంటే నక్షత్రం స్థానం కూడా వికళలో వెయ్యో వంతు దాకా తెలియాలి, ఎందుకంటే అంత చిన్న పొరపాటు కూడా నీడను 31 కిలోమీటర్లు పక్కకు జరుపుతుంది, ఆ వస్తువు పొడవు 36 కిలోమీటర్లే. 2013 డిసెంబరులో ప్రయోగించిన గయా ఉపగ్రహం ఇంతటి ఖచ్చితత్వాన్ని సాధ్యం చేసింది. ఇంకా ప్రచురించని గయా స్థానాలను ముందుగానే తీసుకుని 2017లో మూడు ఆచ్ఛాదనాల కోసం బృందాలు బయలుదేరాయి. జూన్ 3న దక్షిణాఫ్రికాలోనూ అర్జెంటీనాలోనూ కాచుకున్న ఇరవైకి పైగా టెలిస్కోపుల్లో ఒక్కదానికీ నీడ తగలలేదు. జులై 17న అర్జెంటీనాలోని చుబుత్ రాష్ట్రంలో 24 టెలిస్కోపులను నీడ దారికి అడ్డంగా వరసగా నిలిపారు. అక్కడి గాలి తాకిడికి టెలిస్కోపులు ఊగకుండా లారీలను అడ్డం పెట్టారు, కొమొదోరో రివదావియా పట్టణంలో వీధి దీపాలు ఆర్పారు, హెడ్‌లైట్ల వెలుగు పడకుండా జాతీయ రహదారిని కొంతసేపు మూసివేశారు. అయిదు టెలిస్కోపుల్లో నక్షత్రం సెకను లోపు సమయం పాటు మాయమైంది. ఆ అయిదు గీతలను కాగితం మీద పేర్చితే ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు ముద్దల ఆకారం వచ్చింది. 2019 జనవరి 1న నౌక దగ్గరికి వెళ్లి ఫొటో తీసినప్పుడు కనబడిన ఆకారం అదే.

ఈ పద్ధతి పరిమాణాలతో ఆగలేదు. 2013 జూన్ 3న శని, యురేనస్ కక్ష్యల మధ్య తిరిగే చారిక్లో అనే 250 కిలోమీటర్ల వ్యాసమున్న గోళం అడ్డం వచ్చినప్పుడు, నక్షత్రం అసలు మాయమవడానికి ముందూ వెనుకా రెండేసి సార్లు క్షణం పాటు కళ్లు మూసి తెరిచింది. అంత చిన్న గోళానికి రెండు వలయాలున్నాయని దానితో తెలిసింది. 2017 జనవరి 21న హౌమియా అనే మరో మంచుగోళానికీ వలయం ఉన్నట్టు బయటపడింది. జపానులోని మియాకో ద్వీపంలో 28 సెంటీమీటర్ల టెలిస్కోపులు రెండింటిని పక్కపక్కన పెట్టి, సుమారు రెండు వేల నక్షత్రాలను మొత్తం 60 గంటల పాటు చిత్రీకరించిన బృందం, సుమారు 1.3 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒక మంచు ముక్క నీడను పట్టుకున్నట్టు 2019లో ప్రకటించింది. ఆ ముక్కను నేరుగా చూడగల టెలిస్కోపు భూమి మీద గాని అంతరిక్షంలో గాని లేదు. అది కనబడింది ఔత్సాహికులు వాడే తరహా సామగ్రితో.

బేగంపేట ఇప్పుడు ఇలాంటి పనికి పనికిరాదు. నగరం వెలుగు ఆకాశాన్ని కప్పేసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వెళ్లిన ఆ వేధశాల 1968 ప్రాంతంలోనే 48 అంగుళాల టెలిస్కోపుతో జపాల్-రంగాపూర్‌కు తరలింది, పాత ఆవరణలో నేడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉంది. అయినా ఆచ్ఛాదనాలకు కావలసినది చీకటి ఆకాశం కంటే ముందు విశాలంగా పరుచుకున్న పరిశీలకుల వరస. ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, వీడియో కెమెరా, ఉపగ్రహాల నుంచి సమయం తీసుకునే గడియారం ఉంటే, ప్రకాశవంతమైన నక్షత్రం అడ్డపడే రాత్రి మారేడ్‌పల్లి డాబా నుంచి కూడా ఒక గీత రాయవచ్చు. ఆదిలాబాదు నుంచి నెల్లూరు దాకా యాభై కిలోమీటర్లకు ఒకరు చొప్పున అలాంటివారు ఉంటే, దక్కన్ మీదుగా పోయే ఏ పెద్ద గోళపు నీడా కొలత తప్పించుకోలేదు.

వాళ్లకు పని కూడా సిద్ధంగా ఉంది. హైదరాబాదు పట్టీకి కాస్త ఉత్తరంగా ఉన్న క్వావర్ అనే మంచుగోళం 2018 నుంచి 2021 దాకా పలు నక్షత్రాలకు అడ్డం వచ్చినప్పుడు, ఆస్ట్రేలియాలోని ఔత్సాహికులతో సహా చాలామంది నమోదు చేసిన తగ్గుదలల నుంచి దాని చుట్టూ ఒక వలయం ఉన్నట్టు 2023లో తేలింది. గోళానికి మరీ దగ్గరగా ఉన్న పదార్థాన్ని దాని ఆకర్షణే చెదరగొట్టి వలయంగా ఉంచుతుందని, ఒక హద్దు దాటి దూరంగా ఉన్న పదార్థం కొన్ని దశాబ్దాల్లోనే ముద్దకట్టి ఉపగ్రహంగా మారుతుందని ఇంతకాలం లెక్క. క్వావర్‌కు ఆ హద్దు సుమారు 1,780 కిలోమీటర్లు. వలయం ఉన్నది 4,100 కిలోమీటర్ల దూరంలో. అది ఎందుకు ముద్దకట్టలేదో ఇంకా తేలలేదు. వలయపు వెడల్పు, మందం ఒకచోట ఒకలా మరోచోట మరోలా ఉన్నట్టు నీడలు చెబుతున్నాయి. ఏ భాగం ఎంత దట్టంగా ఉందో తెలియడానికి మరిన్ని గీతలు కావాలి, అవి క్వావర్ అడ్డం వచ్చే ప్రతి నక్షత్రం దగ్గరా ఒకటొకటిగా పోగవుతున్నాయి.